మీ సర్వర్‌లో మద్రాసు టైమ్

(హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాతకు తగ్గట్టు అక్కడక్కడా సరిచేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత మాట్లాడమన్నారు కాబట్టి స్లైడ్లు తక్కువే పెట్టాను. కునుకు తీసేవాళ్లు నిశ్చింతగా తీయొచ్చు, పెద్దగా ఏమీ మిస్సవరు. (నవ్వులు)

ముందు తెర మీదున్న పైథాన్ లైను చూడండి. 2024 జనవరి 1, ఉదయం 10 గంటలు. పైటీజెడ్ లైబ్రరీలోంచి ఆసియా/కోల్‌కతా జోన్ తీసుకుని, డేట్‌టైమ్‌కి టీజెడ్‌ఇన్‌ఫోగా నేరుగా ఇచ్చేశాం. ప్రింట్ చేస్తే ఆఫ్‌సెట్, అంటే యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైమ్ కన్నా మనం ఎంత ముందున్నామన్న అంకె, ఎంత రావాలి?

(సభలోంచి: 5:30)

5:30 రావాలి. వచ్చేది 5:53. దీన్ని యూటీసీలోకి మార్చి డేటాబేస్‌లో పెడితే 4:07 అని పడుతుంది. తిరిగి మన టైమ్‌లోకి తెస్తే 9:37. పది గంటల అపాయింట్‌మెంట్ 23 నిమిషాలు ముందుకు జరిగిపోయింది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. చాలామంది ఇది చూసి లైబ్రరీలో బగ్ ఉందనుకుని, ఆ 23 నిమిషాలు కలిపే కోడ్ ఒకటి రాసి పడుకుంటారు. అలాంటి ప్యాచ్ ప్రొడక్షన్‌లో ఏళ్ల తరబడి నడవడం నేను చూశాను. పైగా దానికి టెస్ట్ కూడా రాశారు!

ఈ 5:53 ఆకాశంలోంచి ఊడిపడలేదు. అది కోల్‌కతా నగరపు సొంత టైమ్. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే వేళని బట్టి లెక్కగట్టింది, పూర్తిగా చెప్పాలంటే 5:53:28. ప్రపంచంలోని చాలా కంప్యూటర్లు చదువుకునే టైమ్ జోన్ ఫైల్లో కోల్‌కతా ఎంట్రీ మొదటి లైనులో ఉన్న అంకె అదే. పైటీజెడ్‌కి జోన్‌ని అలా నేరుగా ఇచ్చేస్తే ఏ తేదీకి ఏ లైను వర్తిస్తుందో అది చూసుకోదు, మొదటి లైను పట్టుకుంటుంది. లోకలైజ్ అనే మెథడ్ ద్వారా వెళ్తే సరిగా వస్తుంది. పైథాన్ 3.9 నుంచి జోన్‌ఇన్‌ఫో అని భాషలోనే ఇచ్చారు, దాంతో ఈ గొడవే లేదు.

సరే, అసలు ఆ ఫైల్లో ఏముంది? మన ఎంట్రీ మొత్తం ఎనిమిది లైన్లు. చదువుతాను వినండి.

మొదటి లైను 5:53:28, ఎల్ఎంటీ అంటే లోకల్ మీన్ టైమ్, 1854 జూన్ 28 వరకు. రెండోది 5:53:20, 1870 వరకు. దీని పేరు హెచ్ఎంటీ. వాచీ కంపెనీ కాదండీ. (నవ్వులు) పక్కన కామెంట్లో హౌరా మీన్ టైమ్ అని రాసి, ఒక ప్రశ్నార్థకం పెట్టారు. రాసినవాళ్లకే గట్టి నమ్మకం లేదు, లేదని దాచుకోలేదు కూడా. ఆ ప్రశ్నార్థకం నాకు భలే నచ్చుతుంది. మూడోది 5:21:10, ఎంఎంటీ, 1906 జనవరి 1 వరకు. ఇదే మద్రాసు టైమ్.

మద్రాసు అబ్జర్వేటరీ లెక్క ప్రకారం నడిచిన గడియారం అది. దేశంలో రైళ్లన్నిటికీ ఒకే టైమ్ కావాల్సి వచ్చినప్పుడు, అటు బొంబాయికీ ఇటు కలకత్తాకీ మధ్యస్థంగా ఉందని దాన్ని పట్టుకున్నారు. మన కోస్తా, రాయలసీమ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి కదా. ఇప్పటి మన టైమ్ కన్నా అది 8 నిమిషాల 50 సెకన్లు వెనక. అంటే మీ సర్వర్‌లో 1900వ సంవత్సరం తేదీ ఏదైనా ఆసియా/కోల్‌కతా పేరుతో యూటీసీలోకి మార్చి చూడండి, 50 సెకన్ల తోకతో ఒక వింత అంకె వస్తుంది. ఖాళీ డేట్ ఫీల్డ్‌కి 1900 జనవరి 1 అని డిఫాల్ట్ పెట్టే అలవాటు చాలా సిస్టమ్స్‌లో ఉంది. ఈ తోక చాలామందికి ఎదురయ్యేది అక్కడే.

నాలుగో లైను మనకు తెలిసిందే, 5:30, ఐఎస్టీ. 82.5 డిగ్రీల రేఖాంశం, కాకినాడకు కాస్త తూర్పుగా పోయేది. దాంతో కథ అయిపోవాలి. కానీ ఇంకా నాలుగు లైన్లున్నాయి. 1941 అక్టోబర్ నుంచి 1942 మే 15 వరకు 5:30 మీద ఒక గంట కలిపి 6:30. తర్వాత ఓ మూడున్నర నెలలు మళ్లీ 5:30. 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ 15 వరకు మళ్లీ 6:30. ఆ తర్వాత నుంచి ఇప్పటిదాకా 5:30. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పారన్నమాట.

ఇది చరిత్ర క్లాసు కాదు, నిజంగా కోడ్‌ని కొట్టే సంగతి. ఒక పెద్దాయన పుట్టింది 1944 మే 10. ఫారంలో అలాగే నింపాడు. ఫ్రంటెండ్ దాన్ని ‘మే 10, అర్ధరాత్రి 12, ఆసియా/కోల్‌కతా’గా తీసుకుంది. ఆ రోజుకి ఆఫ్‌సెట్ 6:30 కాబట్టి యూటీసీలో మే 9 సాయంత్రం 17:30 అయింది. ఫైల్ ప్రకారం ఇది కరెక్టే. అవతల రిపోర్ట్ రాసినవాడు ‘ఇండియాయే కదా’ అని 5:30 కలిపాడు. వచ్చింది మే 9, రాత్రి 23:00. సర్టిఫికెట్‌లో తేదీ పట్టుకుని టైమ్ వదిలేశాం. పెద్దాయన ఒక రోజు ముందు పుట్టేశాడు! ఆధార్‌లో 10, ఇక్కడ 9, పేరు సరిపోయినా తేదీ సరిపోక దరఖాస్తు వెనక్కి. 1941కి ముందు పుట్టినవాళ్లతోనో, 1950లో పుట్టినవాళ్లతోనో టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. పుట్టినరోజుకి టైమ్ జోన్ ఉండదండీ. అది ఉత్త తేదీ. తేదీ టైపులోనే దాచండి.

ఈ యుద్ధకాలపు గంట సంగతి మన ప్రోగ్రామర్లకు తెలియకపోవచ్చు గానీ జ్యోతిష్కులకు బాగా తెలుసు. ఆ ఏళ్లలో పుట్టినవారి జాతకం వేసేటప్పుడు ఒక గంట తీసేసి లగ్నం కడతారు. ఇంకో తమాషా ఏంటంటే, ఈ డేటాబేస్ మీద పడ్డ ఒకే ఒక్క పెద్ద కేసు కూడా జ్యోతిషం సాఫ్ట్‌వేర్ అమ్మే అమెరికా కంపెనీ వేసిందే.

ఆ కథ కాస్త చెప్తాను. ఈ డేటాబేస్‌ని 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ఆయన మొదలుపెట్టారు. తర్వాత అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో పనిచేసే పాల్ ఎగర్ట్ ముందుండి నడిపిస్తున్నారు. అంతా స్వచ్ఛందం, పబ్లిక్ డొమైన్. 2011 సెప్టెంబర్ చివర్లో ఆస్ట్రోలేబ్ అనే కంపెనీ ఈ ఇద్దరి మీద కాపీరైట్ కేసు వేసింది. మా అట్లాస్‌లోని పాత టైమ్ జోన్ల వివరాలు మీరు వాడుకున్నారని అభియోగం. మెయిలింగ్ లిస్టు, డౌన్‌లోడ్ సర్వర్ ఆగిపోయాయి. ఎన్ని ఫోన్లు, బ్యాంకులు, విమానాలు ఆ ఫైళ్ల మీద ఆధారపడి ఉన్నాయో ఊహించుకోండి. అక్టోబర్‌లోనే ఇంటర్నెట్ నంబర్ల వ్యవహారం చూసే ఐఏఎన్ఏ దాన్ని తన దగ్గరికి తీసుకుంది. ఫలానా రోజు ఫలానా ఊళ్లో గడియారం ఎంత చూపించిందన్నది ఒక వాస్తవం, వాస్తవానికి కాపీరైట్ ఏమిటని ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ ఓల్సన్, ఎగర్ట్‌ల తరఫున నిలబడింది. 2012 ఫిబ్రవరిలో ఆ కంపెనీ కేసు వాపసు తీసుకుని క్షమాపణ చెప్పింది. అప్పటి నుంచి దాన్ని ఐఏఎన్ఏ టైమ్ జోన్ డేటాబేస్ అంటున్నాం. పాతవాళ్లు ఓల్సన్ డేటాబేస్ అనే అంటారు.

ఇప్పుడు ఫైళ్ల దగ్గరికి వద్దాం. మూలంలో ఉండేవి మామూలు టెక్స్ట్ ఫైళ్లు. ఆసియా, యూరప్, నార్త్ అమెరికా, ఇలా ఖండాల పేర్లతో ఉంటాయి. వాటిలో ముఖ్యంగా మూడు రకాల లైన్లు. ‘జోన్’ అంటే ఇందాక చదివిన లాంటివి. ‘లింక్’ అంటే ఒక పేరుకి మారుపేరు. ‘రూల్’ అంటే ఏటా గడియారం తిప్పే దేశాల కోసం. అమెరికా రూల్ ఒకటి మాటల్లో చెప్తాను: 2007 నుంచి ‘మ్యాక్స్’ దాకా, మార్చిలో 8వ తేదీన గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి ఆదివారం, తెల్లవారుజామున 2 గంటలకు, ఒక గంట కలపాలి. అంతే. ఈ ‘మ్యాక్స్’ని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇంకో చట్టం వచ్చేదాకా అని దానర్థం. 2007కి ముందు ఇదే గంట ఏప్రిల్ మొదటి ఆదివారం మారేది. అమెరికా కాంగ్రెస్ 2005లో చట్టం చేసి మార్చింది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లున్న ఇళ్లకి ఇది చెప్పక్కర్లేదు. న్యూయార్క్ ఉదయం 9 గంటల మీటింగ్ వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. లండన్ కూడా తిప్పుతుంది గానీ మార్చి ఆఖరి ఆదివారం. అమెరికా తిప్పాక, లండన్ తిప్పేలోపు రెండు మూడు వారాలు మూడు ఊళ్ల మధ్య లెక్కలన్నీ తారుమారు. క్యాలెండర్ టీమ్‌లో పనిచేసేవాళ్లకు ఏటా మార్చి టెన్షన్ ఇదే.

ఈ టెక్స్ట్ ఫైళ్లను జిక్ అనే చిన్న కంపైలర్ బైనరీగా మారుస్తుంది. మీ లైనక్స్‌లో యూఎస్ఆర్, షేర్, జోన్‌ఇన్‌ఫో ఫోల్డర్లో ఉండేవి ఆ బైనరీలే. మీరొకసారి కోల్‌కతా ఫైల్‌ని హెక్స్ వ్యూయర్‌లో తెరవండి. మొదటి నాలుగు బైట్లు టీ, జెడ్, ఐ, ఎఫ్ అని కనిపిస్తాయి. ఆ తర్వాత ఒక వెర్షన్ అంకె. ఆ తర్వాత గడియారం ఏయే క్షణాల్లో మారిందో ఆ పట్టిక. 32 బిట్లతో ఒకసారి, 64 బిట్లతో ఇంకోసారి రాసే ఏర్పాటు ఉంది. 32 బిట్లు 2038 జనవరితో అయిపోతాయి కాబట్టి. చిట్టచివర చదవగలిగే అక్షరాల్లో ఒక చిన్న ముక్క ఉంటుంది: ఐఎస్టీ మైనస్ 5:30.

మైనస్! మనం గ్రీనిచ్‌కి తూర్పున, ప్లస్ కదా ఉండాలి? యూనిక్స్ సిస్టమ్స్ పాటించే పోసిక్స్ పద్ధతిలో గుర్తు తిరగేసి ఉంటుంది. లోకల్ టైమ్‌కి ఎంత కలిపితే యూటీసీ వస్తుందో అది రాస్తారు. మనం 5:30 తీసేయాలి కాబట్టి మైనస్. ఎవరైనా ఉత్సాహంగా, సర్వర్‌కి జోన్ చెప్పే టీజెడ్ వేరియబుల్‌లో ఐఎస్టీ ప్లస్ 5:30 అని పెట్టారనుకోండి, సర్వర్ 11 గంటలు వెనక్కి పోతుంది. ‘ఈటీసీ/జీఎంటీ మైనస్ 5’ లాంటి పేర్లలో కూడా ఇదే తిరకాసు. కాబట్టి అంకెల పేర్ల జోలికి పోకుండా ఊరి పేరే వాడండి.

ఊరి పేరు పెట్టినా తప్పించుకోలేమని ఇంకో ముచ్చట. ఉబుంటు డాకర్ ఇమేజ్‌లో ఈ జోన్ ఫైళ్లుండే టీజెడ్‌డేటా ప్యాకేజ్ ఉండదు. మీరు టీజెడ్‌కి ఆసియా/కోల్‌కతా అని ఇచ్చి డేట్ కమాండ్ కొట్టండి. టైమ్ యూటీసీదే వస్తుంది, పక్కన జోన్ పేరు మాత్రం ‘ఆసియా’ అని ప్రింటవుతుంది. ఫైల్ దొరక్క, ఇచ్చిన పేరులో మొదటి ముక్కనే పొడి పేరనుకుని సున్నా ఆఫ్‌సెట్‌తో సర్దుకుపోయింది. ఇక టీజెడ్‌కి ఐఎస్టీ అని మాత్రమే ఇస్తే ఇంకా అన్యాయం. పక్కన ఐఎస్టీ అని ఉంటుంది, టైమ్ యూటీసీ. లాగ్ చూసేవాడు నమ్మేస్తాడు. అసలు ఐఎస్టీ అంటే మనదొక్కటే కాదు. ఇజ్రాయెల్ వాళ్లదీ, ఐర్లాండ్ వేసవి టైమూ అదే పేరు. మూడక్షరాల పేర్లను మనుషులకు చూపించండి గానీ, కోడ్‌లో పార్స్ చేయకండి.

గో భాషవాళ్లు ఆల్పైన్ ఇమేజ్‌లో ‘అన్‌నోన్ టైమ్ జోన్’ అనే పానిక్ చూసే ఉంటారు. అదీ ఇదే జబ్బు. కాకపోతే అది అరిచి చెప్తుంది, అందుకే నాకు అది నయమనిపిస్తుంది. గో 1.15 నుంచి డేటాని బైనరీలోనే కలిపేసుకునే ప్యాకేజ్ ఇచ్చారు. మైఎస్‌క్యూఎల్‌లో కన్వర్ట్‌టీజెడ్‌కి ఊరి పేరిస్తే, జోన్ టేబుళ్లు లోడ్ చేయకపోతే, నల్ వస్తుంది. ఆ నల్ రిపోర్ట్‌లో ఖాళీ గడిగా మారి, మేనేజర్ దాకా వెళ్లి, ‘ఈ ఆర్డర్లకి డేట్ ఎందుకు లేదు’ అని మన దగ్గరికే తిరిగొస్తుంది.

ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చింది ఇదే: మీ సిస్టమ్‌లో టైమ్ జోన్ డేటా కాపీ ఒక్కటి ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఒకటి. జావాకి సొంతంగా టీజెడ్‌డీబీ డాట్ డ్యాట్ అని ఇంకొకటి, అది జేడీకేతో పాటు వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కి సొంత కాపీ ఉండొచ్చు, సిస్టమ్‌దే వాడేలా బిల్డ్ చేసి కూడా ఉండొచ్చు. నోడ్‌లో ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ లోపల ఒకటి. యూజర్ బ్రౌజర్‌లో ఒకటి. ఇవన్నీ ఒకే వెర్షన్‌లో ఉంటాయన్న గ్యారంటీ లేదు. వెర్షన్లకు 2023ఏ, 2023బీ, 2023సీ అని ఏడాది పక్కన అక్షరం పెడతారు. మీ దగ్గర ఎన్ని చోట్ల ఏ అక్షరం ఉందో ఎప్పుడైనా చూశారా? లైబ్రరీ వెర్షన్లన్నీ లాక్ ఫైల్లో పెట్టుకుంటాం, దీన్ని మాత్రం ఎవరూ అడగరు.

2023బీ, 2023సీ అన్నాను కదా, ఆ రెండింటి మధ్య గడిచింది అయిదు రోజులే. లెబనాన్‌లో మార్చి ఆఖరి వారాంతంలో గడియారం ముందుకు తిప్పాలి. రంజాన్ నెల అని, ఈ మార్పుని ఏప్రిల్ దాకా వాయిదా వేస్తున్నామని ప్రభుత్వం మార్చి 23న చెప్పింది. అంటే తిప్పడానికి మూడు రోజుల ముందు! అదే రోజు 2023బీ విడుదలైంది. కానీ అక్కడి క్రైస్తవుల మరోనైట్ చర్చి మేము ఒప్పుకోమంది. కొన్ని సంస్థలు కొత్త టైమ్‌కి వెళ్లిపోయాయి, ప్రభుత్వం పాత టైమ్‌లో ఉండిపోయింది. ఒకే ఊళ్లో రెండు గడియారాలు. 27న మంత్రివర్గం దిగొచ్చి, 29 అర్ధరాత్రి నుంచి తిప్పేద్దామంది. 28న 2023సీ వచ్చింది. అందులో డేటా అచ్చం 2023ఏ లాంటిదే. ఉన్న చెడ్డ దారుల్లో ఇదే కాస్త మెరుగని నోట్‌లో రాసుకున్నారు. అంటే ఫైల్ ప్రకారం బేరూత్ 26నే తిప్పేసింది, సర్కారు ఆఫీసుల్లో మాత్రం ఇంకో నాలుగు రోజులు పాత టైమే. ఫైల్లో ఉన్నది ప్రతిసారీ ప్రపంచంలో జరిగిందే కానక్కర్లేదు. జనం ఎక్కువగా పాటించారని ఎడిటర్లు తేల్చుకున్నది.

మొరాకో ఇంకో రకం. అక్కడ ఏడాదంతా ప్లస్ 1, రంజాన్ నెలలో మాత్రం గంట వెనక్కి. రంజాన్ చంద్రుణ్ని బట్టి వస్తుంది, దాన్ని ఆదివారాల రూల్‌లో రాయలేం. అందుకని కాసాబ్లాంకా కోసం 2087 దాకా తేదీలన్నీ ముందే లెక్కగట్టి ఫైల్లో వరుసగా రాసేశారు, గంటల పంచాంగంలాగా. నెలవంక కనబడ్డాక ఒక రోజు అటూ ఇటూ అయితే మళ్లీ సవరణ.

ఇప్పుడు ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ప్రశ్న: సర్, అన్నీ యూటీసీలో స్టోర్ చేస్తే సరిపోతుందని మాకు చెప్పారు. అది తప్పా?)

జరిగిపోయిన వాటికి సరిగ్గా సరిపోతుంది. లాగులు, పేమెంట్లు, ఓటీపీలు, అన్నీ యూటీసీలోనే పెట్టండి. తంటా భవిష్యత్తుతో. బేరూత్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ మార్చి 27, ఉదయం 10 అని ఫిబ్రవరిలో బుక్ చేశారు. దాన్ని అప్పటి ఫైల్‌తో యూటీసీగా మార్చి, ఆ అంకె ఒక్కటే దాచారు. తర్వాత ప్రభుత్వం రూల్ మార్చింది. మీ దగ్గరున్న యూటీసీని కొత్త ఫైల్‌తో తిరిగి మారిస్తే 10 కాదు, 9 వస్తుంది. పేషెంట్ మనసులో మాత్రం పదే ఉంది. ఆమె మాట ఇచ్చింది గోడ గడియారానికి, యూటీసీకి కాదు. కాబట్టి ముందు రాబోయేవాటికి లోకల్ టైమ్, జోన్ పేరు రెండూ దాచండి. వెతకడానికి యూటీసీ కూడా పక్క కాలమ్‌లో పెట్టుకోండి, కానీ డేటా అప్‌డేట్ అయినప్పుడల్లా దాన్ని తిరిగి లెక్కవేయండి.

(ప్రశ్న: మా ఫారంలో యూజర్ టైమ్ జోన్ ‘ఆసియా/కలకత్తా’ అని వస్తోంది. మా లిస్టులో కోల్‌కతానే ఉంది. డ్రాప్‌డౌన్ ఖాళీగా కనిపిస్తోంది.)

క్రోమ్‌లో చూసి ఉంటారు. నగరం పేరు 2001లో మారింది, టీజెడ్ డేటాబేస్ కూడా మార్చి, పాత పేరుని లింక్‌గా ఉంచింది. కానీ బ్రౌజర్ వాడే యూనికోడ్ వాళ్ల డేటాలో ఒకసారి ఇచ్చిన ఐడీని మార్చకూడదని నియమం. అందుకే క్రోమ్ పాత పేరిస్తుంది, ఫైర్‌ఫాక్స్ కొత్తది ఇస్తుంది. రెండూ చెల్లుతాయి. మీరు స్ట్రింగ్‌లు పోల్చడం మానేయండి, వచ్చిన పేరుని లింకుల పట్టిక ద్వారా ఒక పేరులోకి తెచ్చుకుని అప్పుడు పోల్చండి. కీవ్‌ది కూడా ఇదే కథ, 2022లో స్పెల్లింగ్ మారింది. ఇంతలో ఇంకోటి, ‘ఆసియా/హైదరాబాద్’ ఎందుకు లేదని నన్ను చాలామంది అడుగుతుంటారు. 1970 నుంచి గడియారాలు ఒకేలా నడిచిన ప్రాంతాలన్నిటికీ ఒక్క పేరు చాలన్నది వాళ్ల పద్ధతి. బీజింగ్ కూడా లేదు, షాంఘై ఉంది. మనం బాధపడక్కర్లేదు.

అదే కారణంతో, 1970కి ముందు డేటాని మరీ నమ్మకండి. కలకత్తాలో 1948 దాకా, బొంబాయిలో 1955 దాకా సొంత టైమ్ వాడుకున్నారని చెప్తారు. ఫైల్ లైన్లలో అదేమీ లేదు, 1906తోనే ఐఎస్టీ.

(ప్రశ్న: మా యాప్ పూర్తిగా ఇండియాలోనే. 5:30 హార్డ్‌కోడ్ చేస్తే నష్టమేంటి?)

ఈ రోజుకి నష్టం లేదు, నిజం చెప్పాలంటే. పుట్టినతేదీల సంగతి ఇందాక చెప్పాను, అది పక్కన పెడితే నడుస్తుంది. కానీ మన పొరుగు చూడండి. శ్రీలంక 1996లో 6:30కి వెళ్లింది, అదే ఏడాది 6కి దిగింది, 2006లో 5:30కి తిరిగొచ్చింది. నేపాల్ 1986లో 5:30 నుంచి 5:45కి మారింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ 2009లో వేసవికి గంట తిప్పి చూశాయి, తర్వాత మానేశాయి. మన ఈశాన్యంలో వేరే టైమ్ కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు, అస్సాం టీ తోటల్లో ఇప్పటికీ గంట ముందుండే ‘బాగాన్ టైమ్’ వాడుక ఉంది. 2018లో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీ శాస్త్రవేత్తలు దేశానికి రెండు జోన్లు పెట్టొచ్చని, రెండోది 6:30 అని, సరిహద్దు గీతతో సహా ప్రతిపాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. రేపు ఒప్పుకుంటే గువాహటికి కొత్త పేరుతో ఒక జోన్ పుడుతుంది. అప్పుడు మీరు చేయాల్సింది యూజర్ టేబుల్లో అస్సాం వాళ్ల జోన్ కాలమ్ మార్చడం ఒక్కటే, ఆ కాలమ్ ఉంటే. లేకపోతే కోడ్ మొత్తంలో 330 అనీ, 19800 అనీ, 5.5 అనీ వెతుక్కుంటూ కూర్చోవాలి. 19800 అంటే 5:30లో ఉన్న సెకన్లు. దాన్ని ఈ పూటే మీ రిపోలో గ్రెప్ చేయండి, ఎన్నిచోట్ల దొరికిందో టీ దగ్గర చెప్దురుగాని.